పొగగొట్టం: ఎత్తు, లాగుడు

ఇంట్లో చలి కాచుకునే ఫైర్‌ప్లేస్‌లో కట్టె గానీ బొగ్గు గానీ మండినప్పుడు వెలువడే పొగను, వేడి వాయువులను పైకప్పు దాటించి బయటి గాలిలోకి వదిలే నిలువు మార్గం పొగగొట్టం. వాడుకలో దీన్ని చిమ్నీ అంటారు. పొగను పైకి తీసుకుపోయే బలానికి లాగుడు లేదా డ్రాఫ్ట్ అని పేరు. పొగగొట్టం ఎత్తును రెండు వేర్వేరు అవసరాలు నిర్ణయిస్తాయి. నిప్పురవ్వలు కప్పు మీద పడకుండా, వీచే గాలి పొగను వెనక్కి నెట్టకుండా కప్పుకు పైన ఉండాల్సిన ఎత్తు మొదటిది. తగినంత లాగుడు పుట్టడానికి పొయ్యి నోటి నుంచి కొస దాకా ఉండాల్సిన మొత్తం ఎత్తు రెండోది. ఒకటి తీరినంత మాత్రాన రెండోది తీరినట్టు కాదు.

పరిభాష

కట్టడం మొత్తం పొగగొట్టం కాగా, దాని లోపల పొగ నడిచే ఖాళీ దారి పొగనాళం. ఒకే పొగగొట్టంలో రెండు మూడు పొగనాళాలు ఉండవచ్చు. గదిలోకి తెరుచుకుని ఉండే భాగం పొయ్యి నోరు. పొయ్యికి, పొగనాళానికి మధ్య ఇరుకైన చోటు గొంతు. పెంకుటింటి కప్పు రెండు వాలులూ కలిసే ఎత్తైన గీత కొప్పు.

తెలుగులో చిమ్నీ అన్న మాట మరో రెండు వస్తువులకు కూడా వాడుకలో ఉంది. లాంతరు గాజు చిమ్నీ కూడా ఇదే సూత్రం మీద పనిచేస్తుంది. దీపం వేడికి గాజులోని గాలి పైకి లేవడంతో కింది నుంచి తాజా గాలి వత్తికి అందుతుంది. నేటి వంటగదుల్లోని ఎలక్ట్రిక్ చిమ్నీ మాత్రం ఫ్యాను బలంతో పొగను లాగే పరికరం. ఈ వ్యాసం వాటిని గురించినది కాదు.

చరిత్ర

రోమన్లు స్నానశాలల నేల కింద, గోడల లోపల వేడి గాలిని నడిపే నాళాలు కట్టారు. కొరియాలో పొయ్యి పొగను గది నేల కింద నుంచి మళ్ళించి గదిని వెచ్చబెట్టే ఒండోల్ పద్ధతి నేటికీ తెలిసినదే. గోడలో కట్టిన పొయ్యి, దాని మీద నిలువు పొగనాళం ఉన్న ఏర్పాటు పశ్చిమ ఐరోపాలో 12వ శతాబ్దపు కోటల్లో కనిపిస్తుంది. అంతకుముందు ఇళ్ళలో నడిమధ్య నిప్పు పెట్టి, పొగను కప్పులోని సందుల గుండా వదిలేసేవారు. 16, 17 శతాబ్దాల్లో ఇంగ్లండులో పొగగొట్టాలు సామాన్యుల ఇళ్ళకూ వ్యాపించాయి. 1662 నుంచి 1689 వరకు అక్కడ ఇంట్లోని పొయ్యిల లెక్కన పన్ను వసూలు చేశారు.

పొగగొట్టాల వల్ల అగ్నిప్రమాదాలు కూడా జరిగేవి. అమెరికాలోని తొలి వలస ఊళ్ళలో కర్రతో కట్టి మట్టి మెత్తిన పొగగొట్టాలు తరచు అంటుకునేవి. నేడు న్యూయార్క్‌గా ఉన్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1648లో కర్ర పొగగొట్టాలను నిషేధించి, పొగగొట్టాల తనిఖీకి అధికారులను నియమించారు.

లాగుడు గురించిన శాస్త్రీయ పరిశీలన 18వ శతాబ్దంలో బలపడింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1744లో తన పెన్సిల్వేనియా ఫైర్‌ప్లేస్‌ను వివరిస్తూ చిన్న పుస్తకం ప్రచురించాడు. 1785లో ఫ్రాన్స్ నుంచి ఓడలో తిరిగి వస్తూ, పొగ గదిలోకి తన్నడానికి గల తొమ్మిది కారణాలను ఒక సుదీర్ఘ లేఖలో వివరించాడు. గదిలోకి గాలి చొరకపోవడం, పొయ్యి నోరు మరీ పెద్దదవడం, పొగనాళం పొట్టిగా ఉండడం, ఒక పొయ్యి లాగుడు మరో పొయ్యి లాగుడును మింగేయడం, పక్కన ఎత్తైన కట్టడమో కొండో ఉండడం వాటిలో కొన్ని.

కౌంట్ రమ్‌ఫర్డ్‌గా పేరొందిన బెంజమిన్ థాంప్సన్ 1796లో ఫైర్‌ప్లేస్‌లపై వ్యాసం ప్రచురించాడు. పొయ్యి లోతు తగ్గించి, పక్క గోడలను ఏటవాలుగా తెరిచి, గొంతును సుమారు 4 అంగుళాలకు కుదించమని సూచించాడు. దీనివల్ల గదిలోకి వేడి ఎక్కువగా ప్రసరించింది, పొగ తగ్గింది. ఆయన కొలతల ప్రకారం కట్టిన పొయ్యిలను నేటికీ రమ్‌ఫర్డ్ ఫైర్‌ప్లేస్‌లు అంటారు.

బ్రిటన్‌లో ఇరుకు పొగనాళాల్లోకి పిల్లలను ఎక్కించి మసి దులిపించేవారు. వీరికి పెద్దయ్యాక వచ్చే వృషణకోశపు క్యాన్సర్‌కు మసి కారణమని శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లో గుర్తించాడు. వృత్తికి, క్యాన్సర్‌కు సంబంధం తేల్చిన తొలి పరిశీలనల్లో ఇది ఒకటి. 1788 నుంచి వరసగా చట్టాలు వచ్చినా, 1875 చట్టం తరవాతే ఈ పని నుంచి పిల్లలకు విముక్తి దొరికింది.

పనిచేసే తీరు

వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికవుతుంది. సముద్రమట్టం వద్ద 0 డిగ్రీల సెల్సియస్ గాలి ఘనపు మీటరుకు సుమారు 1.29 కిలోలు తూగుతుంది. 200 డిగ్రీల వద్ద అది సుమారు 0.75 కిలోలు. పొగనాళంలోని తేలిక గాలి స్తంభానికి, బయట అంతే ఎత్తున్న బరువు గాలి స్తంభానికి మధ్య పీడన భేదమే లాగుడు. దీన్ని స్టాక్ ఎఫెక్ట్ అంటారు.

బయటి ఉష్ణోగ్రత 0 డిగ్రీలు, నాళంలో సగటు ఉష్ణోగ్రత 200 డిగ్రీలు ఉన్నప్పుడు 5 మీటర్ల పొగనాళంలో సిద్ధాంతరీత్యా సుమారు 27 పాస్కల్‌ల లాగుడు పుడుతుంది. బయట 20 డిగ్రీలు, నాళంలో 120 డిగ్రీలే ఉంటే అదే ఎత్తుకు అది సుమారు 15 పాస్కల్‌లు. యూరప్ ప్రమాణాల్లో కట్టె స్టవ్‌ల పరీక్షకు 12 పాస్కల్‌ల లాగుడును ఆధారంగా తీసుకున్నారు. నీటిమట్టంగా చెబితే అది 1.2 మిల్లీమీటర్ల తేడా మాత్రమే. ఇంత సున్నితమైన బలం కాబట్టే తలుపు తీయడం, ఫ్యాను వేయడం, గాలి మళ్ళడం వంటి చిన్న మార్పులకే పొగ దారి తప్పుతుంది.

లాగుడును శాసించే అంశాలు ఇవి:

- ఎత్తు: పీడన భేదం ఎత్తుకు అనులోమంగా పెరుగుతుంది. వాయు ప్రవాహం మాత్రం ఎత్తు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. ఎత్తును రెట్టింపు చేస్తే ప్రవాహం సుమారు 1.4 రెట్లే అవుతుంది. నాళం పొడుగయ్యే కొద్దీ రాపిడి, చల్లబడడం పెరుగుతాయి కాబట్టి నిజానికి దక్కే లాభం ఇంకా తక్కువ.
- ఉష్ణోగ్రత భేదం: చలి పెరిగితే లాగుడు పెరుగుతుంది. ఎండాకాలంలో బయటి గాలి ఇంటిలోపలి గాలి కన్నా వేడిగా ఉంటే ప్రవాహం తిరగబడవచ్చు.
- గాలి: సెకనుకు 5 మీటర్ల వేగంతో వీచే గాలి ఎదురుగోడపై సుమారు 15 పాస్కల్‌ల పీడనం కలిగించగలదు. ఇది మామూలు లాగుడుతో సమానం.
- సముద్రమట్టం నుంచి ఎత్తు: సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీలో వాతావరణ పీడనం సముద్రమట్టం వద్ద ఉండే దానిలో దాదాపు 76 శాతం. మిగతావన్నీ సమానమైతే లాగుడు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది.
- ఇంటి పీడనం: వెచ్చని ఇల్లు తానే ఒక పొగగొట్టంలా ప్రవర్తిస్తుంది. వేడి గాలి పై అంతస్తు సందుల గుండా పోతుంటే కింది గదుల్లో పీడనం తగ్గి, ఆ లోటు పొగనాళం నుంచి పూడుతుంది.

నిర్మాణ భాగాలు

పొయ్యి గూడు పైన గొంతు, అక్కడే తెరిచి మూసే డ్యాంపర్ పలక ఉంటాయి. గొంతు వెనక ఉండే పొగ అరుగు పై నుంచి దిగే చల్లగాలిని, వాన చినుకులను అడ్డుకుంటుంది. ఆ పైన గరాటులా సన్నబడే పొగ గది, దానికి కొనసాగింపుగా పొగనాళం ఉంటాయి. నాళం లోపల కాల్చిన మట్టి గొట్టాలతో గానీ స్టెయిన్‌లెస్ స్టీలుతో గానీ లైనింగ్ వేస్తారు. కొసన వాన పడకుండా మూత, రవ్వలు ఎగరకుండా జల్లెడ అమరుస్తారు. అమెరికా నివాస భవనాల కోడ్ ప్రకారం ఆ జల్లెడ కన్ను గుండా 13 మి.మీ. మించిన గోళం దూరకూడదు, 10 మి.మీ. కన్నా చిన్నది ఆగకూడదు. మరీ సన్నని జల్లెడ మసితో పూడుకుపోయి లాగుడునే ఆపేస్తుంది.

రకాలు

నిర్మాణాన్ని బట్టి ఇటుక లేదా రాతి పొగగొట్టాలు, ఫ్యాక్టరీలో తయారైన ఇన్సులేటెడ్ లోహపు పొగగొట్టాలు అని రెండు తరగతులు. ఇటుకది ఆలస్యంగా వేడెక్కి, ఆలస్యంగా చల్లారుతుంది. ఇన్సులేటెడ్ లోహపు గొట్టం త్వరగా వేడెక్కి లాగుడు అందుకుంటుంది.

స్థానాన్ని బట్టి ఇంటి నడుమ నుంచి లేచేవి, బయటి గోడకు ఆనించి కట్టినవి అని మరో విభజన. ఇంటి మధ్యలోది నాలుగు వైపులా వెచ్చదనంలో ఉండి, నిప్పు లేనప్పుడు కూడా కొంత లాగుడు నిలుపుకుంటుంది. బయటి గోడది చలికి గురై, పొయ్యి వెలిగించగానే పొగను గదిలోకి తన్నే అవకాశం ఎక్కువ.

ఎత్తు నిర్ణయం

*కప్పుకు పైన ఉండాల్సిన ఎత్తు*

అమెరికాలో నివాస భవనాల కోడ్, అగ్నిరక్షణ ప్రమాణాలు పాటించే సూత్రాన్ని 3-2-10 నియమం అంటారు. పొగగొట్టం కప్పును చీల్చుకు వచ్చే చోట ఎత్తైన బిందువు నుంచి కనీసం 3 అడుగులు (0.91 మీ.) లేవాలి. దాంతోపాటు, అడ్డంగా 10 అడుగుల (3.05 మీ.) దూరంలోపు ఉన్న కట్టడపు ఏ భాగం కన్నా కనీసం 2 అడుగులు (0.61 మీ.) ఎత్తుండాలి. రెండింటిలో ఏది ఎక్కువ ఎత్తు అడిగితే దాన్నే తీసుకోవాలి.

ఇంగ్లండు భవన నిబంధనల మార్గదర్శకంలో, కొప్పు మీద లేదా దానికి 600 మి.మీ. లోపు ఉన్న పొగనాళం కొస కొప్పు కన్నా కనీసం 600 మి.మీ. ఎత్తుండాలి. కప్పు వాలులో మరో చోట ఉంటే, కొస నుంచి కప్పు ఉపరితలానికి అడ్డంగా కనీసం 2.3 మీటర్ల ఎడం ఉండాలి. అదీగాక కొస కప్పును దాటే చోటికి కనీసం ఒక మీటరు పైన గానీ, కొప్పుతో సమానంగా గానీ ఉండాలి. ఎండుగడ్డి వంటి సులభంగా అంటుకునే కప్పులకు ఇంకా కఠిన నియమాలున్నాయి.

*లెక్క కట్టే విధానం*

3-2-10 నియమంతో మూడు ఉదాహరణలు:

1. కప్పు వాలు 30 డిగ్రీలు, పొగగొట్టం కొప్పుకు 1.8 మీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి కొప్పు ఎత్తు 1.04 మీటర్లు. కొప్పు 3.05 మీటర్ల లోపే ఉంది కాబట్టి కావాల్సిన ఎత్తు 1.04 + 0.61 = 1.65 మీటర్లు.
2. అదే కప్పు మీద పొగగొట్టం కొప్పుకు 6 మీటర్ల దూరంలో, చూరు వైపు ఉంది. అడ్డంగా 3.05 మీటర్ల దూరంలో కప్పు 1.76 మీటర్లు ఎత్తుకు చేరుతుంది. కావాల్సిన ఎత్తు 2.37 మీటర్లు.
3. డాబా మీద, 3.05 మీటర్ల లోపు ఒక మీటరు ఎత్తు పిట్టగోడ ఉంది. కావాల్సిన ఎత్తు 1.61 మీటర్లు. పిట్టగోడ లేకపోతే 0.91 మీటర్లు సరిపోతుంది.

ఈ లెక్కల్లో కొలత పొగనాళం కొస వరకే. అలంకారంగా పెట్టే మూత, జల్లెడ లెక్కలోకి రావు. పొరుగు భవనాలు, పెద్ద చెట్లు, కొండవాలు దగ్గరగా ఉంటే నియమం తీరినా గాలి కిందికి తన్నవచ్చు కాబట్టి వాటిని విడిగా పరిశీలించాలి.

*మొత్తం ఎత్తు*

ఇంగ్లండు మార్గదర్శకం ప్రకారం ఇతర నియమాలు పాటించినప్పుడు 4.5 మీటర్ల పొగనాళం సాధారణంగా సరిపోతుంది. ఫైర్‌ప్లేస్ విషయంలో ఈ ఎత్తును పొయ్యి నోటి పై అంచు నుంచి కొలుస్తారు. అమెరికాలో సుమారు 15 అడుగులు, అంటే 4.6 మీటర్లు, వాడుకలో ఉన్న కనీస కొలత. ఒంటి అంతస్తు ఇంట్లో కప్పు నియమం తీరినా ఈ ఎత్తు అందకపోవచ్చు. అప్పుడు పొగగొట్టాన్ని ఇంకా పెంచాలి.

*ఎత్తుకు పై హద్దు*

ఆధారం లేకుండా లేచే ఇటుక పొగగొట్టం గాలికి ఒరిగిపోకుండా, ఇంగ్లండులో దాని ఎత్తును కనిష్ఠ వెడల్పుకు 4.5 రెట్లకు పరిమితం చేశారు. అంతకు మించితే ఇంజనీరు లెక్క ప్రకారం ఆధారాలు కావాలి. భూకంప ప్రాంతాల్లో ఇటుక పొగగొట్టం ఇంట్లో బలహీనమైన భాగాల్లో ఒకటి. లాగుడు అవసరానికి మించితే కట్టె త్వరగా ఖర్చయి, గది వేడి బయటికి పోతుంది.

పొగనాళం వైశాల్యం

ఎత్తు సరిపోయినా నాళం ఇరుకైతే పొగ పట్టదు. మరీ వెడల్పయితే వాయువులు నెమ్మదించి చల్లబడతాయి. అమెరికా కోడ్‌లోని ఒక పద్ధతిలో పొగనాళం వైశాల్యం పొయ్యి నోటి వైశాల్యంలో గుండ్రని నాళానికి కనీసం 1/12 వంతు, చతురస్రం లేదా నిడివి వెడల్పుకు రెట్టింపు లోపున్న దీర్ఘచతురస్రానికి 1/10 వంతు, అంతకన్నా పొడుగు దీర్ఘచతురస్రానికి 1/8 వంతు ఉండాలి. మూలల్లో పొగ సరిగా నడవదు కాబట్టి ఈ తేడా. ఇంగ్లండులో పెద్ద ఫైర్‌ప్లేస్‌లకు 15 శాతం సూచిస్తారు.

90 సెం.మీ. వెడల్పు, 75 సెం.మీ. ఎత్తు ఉన్న పొయ్యి నోటి వైశాల్యం 6,750 చదరపు సెం.మీ. అమెరికా పద్ధతిలో దానికి 26 సెం.మీ. భుజమున్న చతురస్రపు నాళం గానీ 27 సెం.మీ. వ్యాసమున్న గుండ్రని నాళం గానీ కావాలి. ఇంగ్లండు పద్ధతిలో చతురస్ర భుజం సుమారు 32 సెం.మీ. అవుతుంది.

నాళం వీలైనంత నిటారుగా ఉండాలి. వంపు తప్పనిసరైతే నిలువు నుంచి 45 డిగ్రీలకు మించకూడదు. కట్టె మండే ప్రతి పొయ్యికీ విడి నాళం ఉండడం మంచి పద్ధతి.

లాగుడు లోపాలు, సవరణలు

- వెలిగించగానే పొగ తన్నడం: నాళంలో చల్లగాలి గూడుకట్టుకుని ఉంటుంది. డ్యాంపర్ పూర్తిగా తెరిచి, కాగితం చుట్ట వెలిగించి గొంతు దగ్గర కాసేపు పట్టుకుంటే నాళం వేడెక్కి ప్రవాహం మొదలవుతుంది. అగరుబత్తి పొగ పైకి పోతోందో, గదిలోకి వస్తోందో ముందే చూసుకోవచ్చు.
- కిటికీ తీస్తే పొగ ఆగడం: గదిలో గాలి చాలడం లేదని అర్థం. బయటి గాలి వచ్చే శాశ్వత మార్గం ఏర్పరచాలి. ఇంగ్లండు మార్గదర్శకం దాని వైశాల్యం గొంతు వైశాల్యంలో కనీసం సగం ఉండాలంటుంది.
- ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడే పొగ రావడం: ఫ్యాను ఇంటి పీడనాన్ని తగ్గిస్తోంది. పొయ్యి మండుతుండగా దాన్ని ఆపాలి, లేదా దానికి గాలి విడిగా అందాలి.
- ఎప్పుడూ పొగ రావడం: నోరు మరీ పెద్దదవడం, నాళం ఇరుకు లేదా పొట్టి కావడం, పక్షి గూడు, మసి అడ్డుపడడం కారణాలు. నోటి పై అంచుకు లోహపు పలక బిగించి వైశాల్యం తగ్గించడం తొలి సవరణ.
- గాలి వీచినప్పుడే పొగ రావడం: కొస గాలి పీడన ప్రాంతంలో ఉంది. ఎత్తు పెంచడం, గాలి మళ్ళించే మూత అమర్చడం మార్గాలు.

ఎత్తు పెంచడం అన్ని లోపాలకూ మందు కాదు. గాలి అందని గదికి ఎంత ఎత్తు పొగగొట్టం కట్టినా ఫలితం ఉండదు. కారణం తేల్చాకే ఖర్చుతో కూడిన కట్టుబడికి దిగడం సరైన క్రమం.

భద్రత

పచ్చికట్టె, గాలి చాలని మంట, చల్లని నాళం కలిస్తే పొగలోని ఆవిర్లు నాళపు గోడలకు క్రియోసోట్‌గా అంటుకుంటాయి. ఇది తారులా చిక్కగా ఉండి, అంటుకుంటే నాళంలో మంట 1,000 డిగ్రీల సెల్సియస్ దాటగలదు. లైనింగ్ పగిలి, ఆ పగుళ్ళ గుండా ఇంటి కలపకు నిప్పు సోకుతుంది. తేమ 20 శాతం లోపున్న ఎండు కట్టె వాడడం దీనికి మొదటి నివారణ. పొగగొట్టాన్ని ఏటా కనీసం ఒకసారి తనిఖీ చేయించాలి. మసి పేరుకున్న మందం సుమారు 3 మి.మీ. చేరితే దులిపించాలి.

అమెరికా కోడ్ ప్రకారం ఇంటి లోపలి ఇటుక పొగగొట్టానికి, చుట్టూ ఉన్న కలపకు మధ్య కనీసం 51 మి.మీ. ఖాళీ ఉండాలి. పూర్తిగా బయటి గోడ వెంట ఉంటే 25 మి.మీ. చాలు. పొయ్యి ముందు నేలపై మండని పరుపు చిన్న పొయ్యిలకు ముందువైపు 40 సెం.మీ., పక్కలకు 20 సెం.మీ. చొప్పున ఉండాలి.

లాగుడు తిరగబడితే గదిలోకి కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి రంగు, వాసన లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరుస్తుంది. నివురుగప్పిన నిప్పులు కూడా ఈ వాయువును వదులుతాయి కాబట్టి, నిప్పు పూర్తిగా చల్లారే దాకా డ్యాంపర్ మూయకూడదు. ఫైర్‌ప్లేస్ ఉన్న ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం అవసరం.

భారతదేశంలో, తెలుగు ప్రాంతాల్లో

సిమ్లా, డార్జిలింగ్, ఊటీ, కొడైకెనాల్ వంటి కొండ ఊళ్ళలో బ్రిటిష్ కాలపు బంగళాలకు ఫైర్‌ప్లేస్‌లు, ఇటుక లేదా రాతి పొగగొట్టాలు ఉన్నాయి. కశ్మీరులో, ఇతర హిమాలయ ప్రాంతాల్లో లోహపు గొట్టంతో కూడిన బుఖారీ అనే పొయ్యి వాడతారు.

తెలుగు నేల మీద చలి కాచుకోవడానికి కుంపటి, నెగడు చాలాయి. గోడ ఫైర్‌ప్లేస్ అవసరపడలేదు. పొగ సమస్య ఇక్కడ వంటింటిది. పెంకుటిళ్ళ వంటగదుల్లో పొగ పోవడానికి కప్పులో గవాచి వదిలేవారు. హైదరాబాద్ ఇంజినీరింగ్ పరిశోధన ప్రయోగశాలలో ఎస్.పి. రాజు పొగగొట్టం గల పొగరాని పొయ్యిని రూపొందించి, 1953లో దాని గురించి ఆంగ్లంలో పుస్తకం వెలువరించారు. ప్రయోగశాల ఆంగ్ల పేరులోని పొడి అక్షరాలతో అది హెచ్.ఇ.ఆర్.ఎల్. చుల్లాగా ప్రసిద్ధమైంది. 1980లలో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం చేపట్టింది. ఈ పొయ్యిలకూ సూత్రం ఒకటే: గొట్టం కప్పు దాటి లేవాలి, మసి ఎప్పటికప్పుడు దులపాలి, పొయ్యి నోటికి గాలి అందాలి.

అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఫైర్‌ప్లేస్ కొనుక్కున్న ఇంటితోపాటే వస్తుంది. అలాంటి ఇంట్లో తొలిసారి పొయ్యి వెలిగించేముందు పొగనాళాన్ని నిపుణుడి చేత చూపించుకోవాలి.

ప్రాముఖ్యం

తెరిచిన ఫైర్‌ప్లేస్ కట్టెలోని శక్తిలో సాధారణంగా 10–20 శాతమే గదికి అందిస్తుంది. తలుపున్న ఆధునిక స్టవ్‌లు ఇంతకన్నా ఎన్నో రెట్లు మెరుగు. గాలి నాణ్యత నిబంధనల వల్ల అనేక నగరాల్లో కట్టె మంటపై పరిమితులు పెరుగుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇళ్ళలోని పొయ్యి పొగ తదితర గృహ వాయు కాలుష్యం 32 లక్షల మరణాలకు కారణమైంది. వీటిలో అధిక భాగం వంట పొయ్యిలకు సంబంధించినవే. పొగగొట్టం ఆ పొగను ఇంటివారి ఊపిరికి దూరం చేస్తుంది గానీ, ఊరి గాలి నుంచి తొలగించదు. అందుకే ఎత్తు, లాగుడులతోపాటు ఎండు కట్టె, పూర్తిగా మండే మంట కూడా ఈ ఏర్పాటులో విడదీయరాని భాగాలు.

ఇవి కూడా చూడండి

కార్బన్ మోనాక్సైడ్, కుంపటి, క్రియోసోట్, గవాచి, పొగరాని పొయ్యి, బుఖారీ, లాంతరు, స్టాక్ ఎఫెక్ట్.